సిపాయి తూటా, పోలీసు తూటా

తెలుగులో 'మందు' అనే మాటకు ముచ్చటగా మూడు అర్థాలున్నాయి. రోగికి యిచ్చేది మందు. కొందరు మగమహారాజులు సాయంత్రం వేళ చాటుగా పుచ్చుకునేదీ మందే. తుపాకిలో దట్టించేదీ మందే. మొదటిది ప్రాణం నిలబెడుతుంది, మూడవది తీస్తుంది. నడిమిదాని సంగతి ఆ యిళ్ళ ఆడవాళ్ళను అడిగి తెలుసుకోవాలి. ఈ సామగ్రి తాలూకు మాటలన్నీ యిలా తమాషాగానే వుంటాయి. తుపాకి తురుష్కుల భాషనుంచి వచ్చింది. బందూకు అరబ్బీ మాట; మొదట ఒక గట్టి గింజకు పేరు, తరువాత ఆ గింజలాంటి గుండుకు పేరయింది, ఆపైన గుండును విసిరే గొట్టానికీ పేరయింది. పిస్తోలు పిడిలో తూటాలుండే పెట్టెనూ, మీ చేతిలో వున్న యీ పత్రికనూ కూడా ఇంగ్లీషువాళ్ళు 'మేగజీన్' అనే పిలుస్తారు. రెండింటికీ మూలం, సరుకు దాచే కొట్టు అని అర్థమున్న అరబ్బీ మాటే. ఇంతమంది పరాయివాళ్ళ మధ్య అచ్చంగా మనది అనదగ్గ మాట 'గుండు'.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గుండ్లతో ఏం పని అని మీరు అడగవచ్చు. మాది వేంసూరు. ఖమ్మం జిల్లాకు ఒక అంచు. ఒక పక్క ఆంధ్ర పొలిమేర, ఇంకో దిక్కున భద్రాచలం దాకా సాగే అడవి దారులు. హోంమంత్రిగా పనిచేసి, 1973 నుంచి 1978 వరకు ముఖ్యమంత్రిగా వున్న జలగం వెంగళరావుగారు మా వేంసూరు నియోజకవర్గంనుంచే శాసనసభకు వెళ్ళారు. సత్తుపల్లి దగ్గర గంగారంలో ప్రత్యేక పోలీసుల 15వ పటాలం వుంది. అడవి దారిలో బస్సు ఆపి సంచులు వెదికే పోలీసుల భుజాన తుపాకులు చూస్తూ పెరిగినవాళ్ళం మేము. 2007 జూలై 28న మా జిల్లాలోనే ముదిగొండలో, భూమి కోసం జరిగిన ఆందోళనలో, పోలీసు కాల్పులకు మనుషులు నేలకొరిగారు. ఆ వార్త చదివిన రోజునుంచీ నన్నొక ప్రశ్న పట్టుకుంది. శత్రువుమీదికి వెళ్ళే సిపాయికి యిచ్చే గుండూ, బజారులో కాపలా తిరిగే పోలీసుకు యిచ్చే గుండూ ఒకటేనా? ఒకటే కావలసిన అవసరం వుందా? పెద్ద తుపాకుల సంగతి పక్కనబెట్టి, నడుముకు వేలాడే పిస్తోలు వరకే చూద్దాం. ప్రశ్న అక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ముందుగా ఒక చిన్న సవరణ. మనం తూటా, గుండు అనే మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడేస్తాం. తూటా అంటే మొత్తం సరుకు: ఇత్తడి గొట్టం, దాని అడుగున టోపీ, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. మీట నొక్కితే సూది వచ్చి టోపీని పొడుస్తుంది, మందు అంటుకుంటుంది, గుండు ఒక్కటే ముందుకు పోతుంది. ఇత్తడి గొట్టం ఖాళీగా కిందపడుతుంది.

గుండు బరువును పాశ్చాత్యులు యిప్పటికీ 'గ్రెయిన్ల'లోనే చెబుతారు. గ్రెయిన్ అంటే గింజ. మన కంసాలి గురివింద గింజ పెట్టి బంగారం తూచినట్టే వాళ్ళూ ఒకప్పుడు ధాన్యపు గింజతో తూచారు. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. అంచేత యీ లెక్క పంతుళ్ళకంటే యిల్లాళ్ళకే త్వరగా బోధపడుతుంది. ప్రపంచంలో ఎక్కువగా వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు గుండు సాధారణంగా 115 నుంచి 124 గ్రెయిన్లు తూగుతుంది. అంటే తులంలో మూడింట రెండు వంతులు. ఓ మోస్తరు వుంగరాలు రెండు. అమెరికా సైన్యం 1911లో తీసుకున్న .45 పిస్తోలు గుండు 230 గ్రెయిన్లు, తులంపావు పైమాట. తులానికి అటూయిటూగా వుండే యీ ముద్ద ఎలా వుండాలి, దేనితో చెయ్యాలి, ముక్కు ఎలా వుండాలి అన్నదాని మీద నూటపాతికేళ్ళుగా దేశాలు వాదులాడుకుంటున్నాయి.

మొదట గుండ్లన్నీ వట్టి సీసం. సీసం మెత్తనిది. 1880 తరువాత పొగరాని కొత్త మందు వచ్చింది, గుండు వేగం పెరిగింది. ఆ వేగానికి సీసం అరిగి గొట్టంలోని మర గీతలకు పట్టేసేది. దానికి విరుగుడుగా సీసం మీద రాగితోనో, రాగి కలిసిన లోహంతోనో గట్టి తొడుగు వేశారు. తొడుగు వేసిన గుండు గొట్టాన్ని పాడుచెయ్యదు, నునుపుగా పోతుంది. పోతుంది సరే, మనిషికి తగిలినా అలాగే నునుపుగా అటువైపుకు పోతుంది. 1895లో చిత్రాల్ దండయాత్రకు వెళ్ళిన ఇంగ్లీషు దొరల ఫిర్యాదు యిదే. కొత్త గుండు తగిలినా కొండజాతులవాళ్ళు పడకుండా మీదికి వస్తూనే వున్నారట!

ఆ ఫిర్యాదుకు మందు తయారైంది మన దేశంలోనే. కలకత్తా పొలిమేరలో డమ్‌డమ్ అనే చోట తూటాల కార్ఖానా వుండేది. ఇవాళ అదే పేటలో విమానాశ్రయం వుంది. అక్కడి అధికారి కెప్టెన్ బెర్టీ క్లే, తుపాకి గుండు కొనదగ్గర తొడుగు కత్తిరించి లోపలి సీసం కాస్త బయటికి కనబడేలా చేశాడు. అంతే. తగలగానే మెత్తటి కొన విచ్చుకుంటుంది, గుండు పుట్టగొడుగులా విప్పారుతుంది, ఒంట్లోనే ఆగిపోతుంది, గాయం పెద్దదవుతుంది. 1897, 98లలో తీరాహ్ కొండల్లో వాడారు. 'డమ్‌డమ్ గుండు' అనే పేరు లోకమంతా పాకింది. మన పేటల పేర్లలో ఇంత అపఖ్యాతి మోసినది మరొకటి లేదనుకుంటాను.

1899లో హేగ్ నగరంలో రాజ్యాలన్నీ సమావేశమై, మనిషి ఒంట్లో సులువుగా విచ్చుకునే, చదునయ్యే గుండ్లను యుద్ధంలో వాడకూడదని ప్రకటన చేశాయి. తేదీ జూలై 29. దీనికి వ్యతిరేకంగా ఓటు వేసినవి బ్రిటనూ, అమెరికా. బ్రిటన్ తరఫున సర్ జాన్ ఆర్డా అనే సేనాని మాట్లాడాడు. నాగరికుడైన సిపాయి దెబ్బ తగిలితే వెనక్కు పోతాడు, అనాగరికుడు అలా పోడు, కనుక వాడికి వేరే గుండు కావాలన్నది ఆయన వాదన సారాంశం. తెల్లవాడికి ఒక గుండు, నల్లవాడికి మరొకటి! పంతిలో వలపక్షం గురించి మన పెద్దలు చెబుతూ వుంటారు. గుండ్ల పంతిలో కూడా వలపక్షం వుంటుందని ఆ సభలో తేలింది. న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. డమ్‌డమ్‌కు ఎదురుగా చూపిన జర్మనీ వైద్యుడు బ్రూన్స్ పరీక్షల్లో వాడినవి అసలు డమ్‌డమ్ గుండ్లు కావు, సీసం మరింత బయటపడి వుండే వేట గుండ్లు. ఇంగ్లీషువాళ్ళు ఆ పాయింటు పట్టుకుని గింజుకున్నారు గాని ఎవరూ వినలేదు. చివరకు 1907లో బ్రిటన్ కూడా ఆ ప్రకటనకు తల వూపింది. అమెరికా యీనాటికీ వూపలేదు.

పిస్తోలుకూ యీ సెగ తగిలింది. 1898లో బ్రిటిషు సైన్యం తన .455 వెబ్లీ రివాల్వరుకు, ముక్కున గిన్నెలా గుంట వున్న గుండు తెచ్చింది. దానికి 'మనిషిని ఆపేది' అని ముద్దుపేరు. హేగ్ గొడవతో రెండేళ్ళకే దాన్ని వెనక్కు తీసుకుంది. తరువాత వచ్చిన .38 రివాల్వరుకు 200 గ్రెయిన్ల వట్టి సీసపు గుండు పెట్టారు. మళ్ళీ అనుమానం: మెత్తటి సీసం విచ్చుకుంటుందేమో, రేపు యుద్ధంలో పట్టుబడితే మాట వస్తుందేమో! రెండవ ప్రపంచయుద్ధానికి కొద్దిగా ముందు దాన్ని మార్చి, తొడుగు వేసిన 178 గ్రెయిన్ల గుండు పెట్టారు. తులానికి రెండు గింజలు తక్కువ. ఆ రివాల్వర్లు మన పోలీసు ఠాణాల్లో చాలాకాలం వున్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. హేగ్ నియమం సిపాయికి. యుద్ధభూమిలో ఎదుట వున్నవాడు శత్రువే అయినా పై ఆజ్ఞమీద వచ్చినవాడు. వాడు పక్కకు తప్పుకుంటే చాలు, అవసరాన్ని మించి చిత్రవధ చెయ్యకూడదు. నియమం వెనక వున్న దయ అది. ఆ దయ ఎదుటివాడి మీద. ఎదుటివాడి వెనక ఎవరున్నారన్న ప్రశ్న అందులో లేదు, ఎందుకంటే వెనక వున్నవాడూ శత్రువే అని లెక్క. పోలీసు సంగతి తలకిందులు. అతని ఎదుట కత్తి పట్టినవాడు ఒక్కడు. వాడి వెనక కూరగాయల బండి, బడినుంచి వచ్చే పిల్లలు, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ. ఒక ఒంట్లోనుంచి దూసుకుపోయిన గుండు ఆ తరువాత ఎవరిదో గుమ్మం తడుతుంది.

ఈ భయంతోనే న్యూయార్కు పోలీసులు 1998లో తొడుగు గుండు మాని, ముక్కున గుంట వున్న 'హాలో పాయింట్' గుండుకు మారారు. దాన్ని మనం బోలు గుండు అందాం. డమ్‌డమ్ గుండ్లు పట్టుకొస్తున్నారని అక్కడా పెద్ద గగ్గోలు అయింది. కాని దారినపోయేవాళ్ళకూ, తోటి పోలీసులకూ దెబ్బలు తగలడం తగ్గుతుందన్న వాదనే నెగ్గింది. జర్మనీ పోలీసులూ తరువాత అలాగే విచ్చుకునే గుండుకు మారారు. హేగ్‌లో డమ్‌డమ్‌ను తిట్టిన దేశం అదే!

విచ్చుకోవడంలోనూ చిక్కు లేకపోలేదు. 1986 ఏప్రిల్ 11న మయామి నగరంలో ఇద్దరు దొంగలకూ అమెరికా ఎఫ్.బి.ఐ. వాళ్ళకూ ఎదురుకాల్పులు జరిగాయి. ఇద్దరు అధికారులు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. మొదట్లోనే ఒక దొంగకు 9 మి.మీ. బోలు గుండు చేతిలోనుంచి ఛాతీలోకి దిగింది. గుండెకు చేరువలో ఆగిపోయింది. ఆ తరువాత కూడా వాడు కాలుస్తూనే వున్నాడు. అప్పుడు ఎఫ్.బి.ఐ. కూర్చుని ఒక కొలత పెట్టుకుంది. పెళ్ళివిందుల్లో పిల్లలు ఎగబడే జెల్లీ వంటిదే, కాస్త గట్టిది, దిమ్మగా పోసి చల్లగా వుంచి అందులోకి కాలుస్తారు. గుండు 12 అంగుళాలకు తగ్గకుండా, 18 అంగుళాలకు మించకుండా దిగాలి. మన కొలతల్లో అడుగుకు తగ్గకూడదు, మూర దాటకూడదు. తొడుగు గుండయితే మూర దాటి ఇంకా పోతూనే వుంటుంది. దిమ్మకు ముందు మందపాటి బట్టలు, చెక్క, రేకు, కారు అద్దం పెట్టి కూడా పరీక్షిస్తారు. బట్ట ఎందుకంటే, బోలు గుండు ముక్కులో బట్టపీలికలు కూరుకుంటే అది విచ్చుకోదు, మామూలు గుండులాగే దూసుకుపోతుంది. వాళ్ళ పరీక్షలో చలికాలపు కోట్ల మందం వుంటుంది. మే నెలలో మా ఖమ్మంలో ఒంటిమీద బనియను నిలవదు. వాళ్ళ పట్టిక తెచ్చి మన గోడకు అంటించుకుంటే చాలదు సుమా! మన మనుషుల ఒళ్ళూ, మన బట్టలూ, మన యిరుకు సందులూ చూసి మన కొలత మనం పెట్టుకోవాలి.

మన దగ్గర యీ ఎంపిక ఎవరు చేస్తారు? మా వూళ్ళో నాకు వరసకు బాబాయి అయ్యే పెద్దాయన ఒకరు హెడ్ కానిస్టేబులుగా చేసి దిగిపోయారు. ఒకనాడు అరుగుమీద కూర్చుని అడిగాను.

"బాబాయ్, తూటా ఏ రకం కావాలో మిమ్మల్ని ఎవరన్నా అడిగేవాళ్ళా?"

"అదేమన్నా చీరల కొట్టట్రా అబ్బాయ్, యిది వద్దు అది చూపించమనటానికి? బెల్ ఆఫ్ ఆర్మ్స్ గదిలో ఏది యిస్తే అది. లెక్కబెట్టి యిస్తారు, లెక్కబెట్టి తీసుకుంటారు. ప్రాక్టీసుకి పోతే పేల్చినవాటి ఖాళీ గొట్టాలు మళ్ళీ అప్పగించాలి. ఒక్కటి గడ్డిలో పడి కనపడకపోయిందా, పొద్దుగూకేదాకా నడుం వంచి యేరాల్సిందే."

"నువ్వు ఎప్పుడన్నా కాల్చావా?"

"మనిషిమీద కాల్చలేదు. బతికిపోయా." కాసేపు వూరుకుని తనే అందుకున్నాడు. "ఒకసారి తిరణాల్లో ఒకడు తప్పతాగి కొడవలి పట్టుకుని జనంమీద పడ్డాడు. అప్పటికే ఒకడి చెయ్యి తెగింది. మా ఎస్సైగారు పిస్తోలు ఎత్తాడు. ఎత్తి దించేశాడు. వాడి వెనకాల జీళ్ళ కొట్టు, కొట్టు చుట్టూ పిల్లలు. తగిలినా తగలకపోయినా గుండు అటే పోతది గదా!"

"మరి?"

"మరేముంది, నేనూ ఇంకొకతనూ వెనకనించి పోయి దుప్పటి కప్పి పడేశాం. నా మోచేతికి గీసుకుంది చూడు."

ఆ ఎస్సైగారి చేతిలో వున్నది సిపాయి గుండు. మన కర్మాగారాల్లో తయారై సైన్యానికీ పోలీసులకూ వెళ్ళే 9 మి.మీ. తూటాలో వుండేది ప్రధానంగా తొడుగు గుండే. 1869లో పుట్టిన పూనా దగ్గరి ఖడ్కీ కర్మాగారం అలాంటి తూటాలకు పేరుపడ్డది. 2021 అక్టోబరు 1న మందుగుండు కర్మాగారాలను కలిపి పెట్టిన ప్రభుత్వ కంపెనీ కిందికి అది వచ్చింది. డమ్‌డమ్‌కు పొరుగునే వున్న ఇషాపూర్ కర్మాగారం చేసే 9 మి.మీ. పిస్తోలు పాత బ్రౌనింగ్ నమూనాది. అసలు ఆ నమూనా గీసిందే గుండ్రటి ముక్కు వున్న తొడుగు గుండు కోసం. ఆ కాలపు పిస్తోళ్ళలో బోలు గుండు పెడితే మేగజీన్‌లోనుంచి గొట్టంలోకి ఎక్కేచోట ఒక్కొక్కసారి తట్టుకుంటుంది. ప్రాణంమీదికి వచ్చిన క్షణంలో తూటా అడ్డం పడటంకన్నా ఘోరం ఏముంటుంది? కనుక గుండు మార్చాలంటే కొన్నిచోట్ల పిస్తోలునూ మార్చాలి, మార్చినదానితో మళ్ళీ మళ్ళీ కాల్చి చూడాలి. బోలు గుండు ఖరీదూ ఎక్కువే. సైన్యానికీ పోలీసులకూ ఒకే తూటా అయితే కొనడం తేలిక, నిలవచెయ్యడం తేలిక, లెక్క తేలిక. గుమాస్తాకు యింతకంటే కావలసింది లేదు. జీళ్ళ కొట్టు ముందున్న పిల్లల పద్దు మాత్రం ఆ లెక్కలో ఎక్కదు.

నా మట్టుకు నాకు, బజారులో తిరిగే పోలీసు పిస్తోలుకు విచ్చుకుని ఆగే గుండే న్యాయమనిపిస్తుంది. ఇది చదివి కొందరు పెద్దలు నొచ్చుకుంటారని తెలుసు. అంత పెద్ద గాయం చేసే గుండును పోలీసుకు యివ్వమంటావా, అసలే వాళ్ళ చెయ్యి దురుసు అంటారు. ఆ మాటను తోసిపుచ్చలేను. తగిలిన ఒక్కడికి అది క్రూరమైనదే. అయితే పోలీసు పిస్తోలు తియ్యవలసింది, ఎవరి ప్రాణమో పోబోతున్నదన్నప్పుడు మాత్రమే. అటువంటి క్షణంలో ఆ ఒక్కణ్ణి ఆపి, వెనకవాళ్ళను వదిలే గుండు మేలా. ఆ ఒక్కణ్ణి సరిగా ఆపక, రెండోసారీ మూడోసారీ కాల్పించి, వెనకవాళ్ళకూ తగిలే గుండు మేలా? గుంపును చెదరగొట్టడానికైతే యీ రెండూ తప్పే. మన చరిత్రలో సిపాయికీ పోలీసుకూ గీత చెరిగిపోయిన చోటల్లా జనమే నష్టపోయారు. 1919లో జలియన్‌వాలాబాగులో సిపాయిలు 1650 తూటాలు పేల్చారని తూటాల లెక్క మాత్రం తేలింది. పోయిన ప్రాణాల లెక్క దగ్గర యిప్పటికీ ఏకాభిప్రాయం లేదు. 1948 సెప్టెంబరులో నైజాం రాజ్యంమీదికి నడిచింది అచ్చంగా సైన్యమే అయినా, మా పెద్దవాళ్ళ నోట అది యీనాటికీ 'పోలీసు చర్యే'.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. రోమ్ ఒడంబడిక 1998లో, విచ్చుకునే గుండ్లను దేశాల మధ్య యుద్ధంలో వాడటం యుద్ధనేరమంది. 2010లో దాన్ని అంతర్యుద్ధాలకూ వర్తింపజేశారు. యుద్ధం కాని పోలీసు పనికి అది వర్తించదు. మన దేశం ఆ ఒడంబడికలో చేరలేదు. ఒకవైపు యిలా గీత బిగుస్తూ వుండగానే, హేగ్ ప్రకటనకు ఎన్నడూ కట్టుబడని అమెరికా సైన్యం కొత్త 9 మి.మీ. పిస్తోలుతోపాటు బోలు గుండును కూడా తీసుకుంది. బందీల చెరలాంటి సందర్భాల్లో సిపాయి కూడా జనం మధ్యే కాల్చవలసి వస్తుందన్నది వారి సమాధానం.

ఆగిన గుండుకు మరొక లక్షణం వుంది. అవతలికి దూసుకుపోయిన గుండు ఏ గోడలోనో, ఏ పొలంలోనో పోతుంది, వెదికినా దొరకకపోవచ్చు. ఒంట్లో ఆగినది పోస్టుమార్టంలో వైద్యుడి చేతికి దొరుకుతుంది. ప్రతి తుపాకి గొట్టంలోని మర గీతలూ తమ గుర్తును గుండుమీద వేస్తాయి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో వున్న ఫోరెన్సిక్ ప్రయోగశాల వంటిచోట, ఆ గుండును ఒక సూక్ష్మదర్శిని కిందా, అనుమానమున్న పిస్తోలుతో నీళ్ళతొట్టిలోకి కాల్చిన గుండును పక్క సూక్ష్మదర్శిని కిందా పెట్టి గీతకు గీత కలుస్తుందేమో చూస్తారు. పోలీసు ఎదురుకాల్పుల్లో మనిషి చనిపోతే కాల్చిన అధికారి తన ఆయుధాన్ని యిలాంటి పరీక్షకు అప్పగించి తీరాలని సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరు 23న ఆదేశించింది. అప్పగించిన పిస్తోలుతో పోల్చి చూడటానికి గుండు దొరకాలి గదా.